ముక్క కొరికి చూడు

ఢిల్లీలో మే నెల మధ్యాహ్నాలు వంటింటికి పరీక్షాకాలం. ఇక్కడివారు ‘లూ’ అని పిలిచే వడగాలి కిటికీ తలుపులను తడుతుండగా పొయ్యి ముందు నిలబడడమే ఒక శిక్ష. రెండేళ్ల క్రితం అటువంటి వేసవిలోనే కృష్ణాతీరంలోని మా ఊరి నుంచి అమ్మను నా దగ్గరకు తీసుకొని వచ్చాను. ఆమెకు జ్ఞాపకశక్తి సన్నగిల్లుతున్నది. ముందు మనుషుల పేర్లు పోయాయి. ఆ తరువాత ఆకలి పోయింది.

ఆకలి పుట్టించాలని మసాలాలు దట్టించి రకరకాల కూరలు వండాను. కంచం పెట్టినది పెట్టినట్లే ఉండేది. ఒకనాడు విసిగి, లేత ఆనపకాయ ఒకటి కొని తెచ్చాను. దీనినే సొరకాయ అని కూడా అంటారు, ఇక్కడ లౌకీ. నేను చెక్కు తీస్తుంటే అమ్మ మెల్లగా వచ్చి, ఒక ముక్క తీసుకొని కొరికి చూసింది. “చేదు లేదు. వండవే అమ్మాయీ” అన్నది. ఎన్నో రోజుల తరువాత ఆమె నోట విన్న పూర్తి మాట అది.

చిన్నతనంలో అమ్మ ప్రతి కాయనూ ఇలా కొరికి చూస్తుంటే చాదస్తమని నవ్వుకునేదాన్ని. ఆనప, బీర, దోస వంటి తీగకాయలలో ఒక్కొక్కప్పుడు కుకుర్బిటాసిన్లనే విషపదార్థాలు అధికమవుతాయి. వాటి గుర్తు చేదే. ఉడికించినా అవి పోవు. 2010లో ఢిల్లీలో చేదు ఆనపకాయ రసం తాగి ఒక శాస్త్రవేత్త మరణించారు. అనంతరం భారతీయ వైద్య పరిశోధన మండలి నియమించిన నిపుణుల సంఘం, రసం తీసేముందు చిన్న ముక్క రుచి చూడాలనీ, చేదుగా ఉంటే కాయనంతా పారవేయాలనీ సూచించింది. అమ్మ ఏ నివేదికా చదవలేదు. ఆమె తన తల్లిని చూసి నేర్చుకున్నది.

ఆనాడు చేసిన వంట అతి సామాన్యమైనది. గుప్పెడు పెసరపప్పు అరగంట నానబెట్టి, ముక్కలతో కలిపి, మూతపెట్టి సన్నని సెగమీద మగ్గించాను. లేత కాయలో ఊరే నీరే చాలు. పప్పు పలుకు విరగకముందే దించి, ఆవాలు, మినపప్పు, జీలకర్ర, ఎండుమిరప, కరివేపాకుతో పోపు పెట్టాను. ఉల్లి లేదు, మసాలా లేదు. అమ్మ రెండుసార్లు మారు వడ్డించుకున్నది.

మా పొరుగున ఉన్న బెంగాలీ ఇల్లాలు వేసవిలో ఇదే కాయను పెసరపప్పులో వేసి పలుచగా కాస్తుంది. పై అంతస్తులోని తమిళ కుటుంబం కొబ్బరి, జీలకర్ర నూరి వేసి ఈ రెండింటితోనే కూట్టు చేస్తుంది. ఒకరిని చూసి మరొకరు నేర్చుకున్నది కాదు. ఎండలు ముదిరినప్పుడు కడుపుకు ఏది హితమో అందరి అమ్మలకూ తెలిసినట్లున్నది. మండువేసవిలో నూనె, కారం తగ్గించి వండడం లేమి కాదని, అది కూడా ఒక నేర్పేనని నాకు తెలియడానికి ఇంత వయస్సు పట్టింది.

ఇప్పుడు అమ్మకు నా పేరు గుర్తులేదు. ‘అమ్మాయీ’ అని మాత్రం పిలుస్తుంది. కాయ కోయగానే మొదటి ముక్క నేను కొరికి చూస్తాను. రెండవ ముక్క కోసం ఆమె చేయి చాస్తుంది.