ఖర్చు గడిలో సున్నా

నేను చేసే పనేమిటో మా పాలమూరు పెద్దమ్మకు వివరించడం ఇప్పటిదాకా నా వల్ల కాలేదు. పేరు ముందు డాక్టర్ అని ఉంటుంది, ఉండేది ఘనా రాజధాని అక్రాలో, తిరిగేది ఆస్పత్రుల చుట్టూ. "సూదియ్యవు, మందు రాయవు, మరి దవాఖానల నీకేం పని బిడ్డా?" అని ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతుంది. "ఎవరి పైసలు యాడికి పోతున్నయో లెక్క చూస్త పెద్దమ్మా" అన్నాను ఒకసారి. "అట్లయితే ఆడిటరువన్నట్టు" అని తేల్చేసింది. నా బయోడేటాలో పేరాడు పొడుగున రాసుకున్నదానికంటే ఆ మాటే నయం.

ఆరోగ్య ఆర్థికశాస్త్రం అనేదొకటి ఉందని ఎంఏకి వచ్చేదాకా నాకూ తెలీదు. హైదరాబాద్‌లో చదివే రోజుల్లో కెన్నెత్ ఆరో 1963లో రాసిన వ్యాసం ఒకటి పాఠంగా ఉండేది. వైద్యం ఎప్పుడు అవసరపడుతుందో ముందు తెలీదు, కొన్నాక కూడా అది మంచిదో కాదో కొన్నవాడికి తెలీదు, అమ్మినవాడికే తెలుసు, అందుకే మిగతా సరుకులకు పనికొచ్చే బజారు సూత్రాలు ఇక్కడ కుంటుతాయి అని ఆయన వాదన. పరీక్ష రాసి మర్చిపోయేదాన్నే. కానీ 2007 ఏప్రిల్‌లో పేదల వైద్యం ఖర్చు ప్రభుత్వమే భరించే ఆరోగ్యశ్రీ పథకం మొదలైంది. ముందుగా పెట్టిన మూడు జిల్లాల్లో మా మహబూబ్‌నగర్ ఒకటి, మిగతావి అనంతపురం, శ్రీకాకుళం. తెల్ల రేషన్ కార్డుంటే పెద్ద ప్రైవేటు ఆస్పత్రిలో గుండె ఆపరేషన్ పైసా లేకుండా అయ్యేది. మా వాడకట్టులో ఒకాయనకు అలాగే అయింది. ఆయన పక్కింట్లో నెలనెలా షుగరు మాత్రలకూ రక్తపరీక్షకూ అప్పు చేసేవాళ్లు. వాళ్లకూ అదే కార్డు, మాత్రలకు మాత్రం పనికిరాదు. ఈ గీత ఎక్కడ గీయాలో ఎవరు నిర్ణయించారు, ఏ లెక్కన నిర్ణయించారు అని మొదలైన కుతూహలం నన్ను ఇంగ్లండులోని యార్క్‌కు, అటునుంచి పడమటి ఆఫ్రికాకు లాక్కొచ్చింది.

ఘనాలో ఆ గీతను సరిగ్గా తలకిందులుగా గీశారు. దాని వెనక పాత గాయం ఒకటి ఉంది. 1980ల్లో అప్పులు, కరువు, పొదుపు షరతులు కలిసి మీదపడ్డప్పుడు ప్రభుత్వం 1985లో ఆస్పత్రి ఫీజులు ఒక్కసారిగా పెంచింది. ఆ పద్ధతికి ఇక్కడ క్యాష్ అండ్ క్యారీ అని పేరు. ముందు డబ్బు, తర్వాతే మందు. పెద్దవయసు నర్సులు ఇప్పటికీ చెబుతారు, కాన్పుకు వచ్చినామె వెంట ఉన్నవాళ్లు గ్లవుజులు, సిరంజి బయట కొని తెచ్చేదాకా చేతులు కట్టుకు నిలబడాల్సి వచ్చేదని. ఫీజులు పెరిగిన వెంటనే ఆస్పత్రులకు వచ్చేవాళ్లు బాగా తగ్గిపోయారు. పట్టణాల్లో కొన్నాళ్లకు మళ్లీ రావడం మొదలైంది, పల్లెల్లో కాలేదు. 2000 ఎన్నికల్లో అధ్యక్ష పదవికి పోటీ చేసిన కుఫూర్ ఆ పద్ధతి ఎత్తేస్తామని మాటిచ్చి గెలిచారు. 2003లో జాతీయ ఆరోగ్య బీమా చట్టం వచ్చింది.

ఈ బీమాకు డబ్బు ఎక్కడిదన్నది నాకు బాగా నచ్చే సంగతి. సింహభాగం అమ్మకాల మీద వేసే రెండున్నర శాతం సుంకం నుంచి వస్తుంది. అక్రాలో సూపర్ మార్కెట్ బిల్లు తీసుకుంటే అడుగున దానికి వేరే ఒక వరుస ఉంటుంది. నేను కొనే బియ్యం సంచీలో ఎవరికో మలేరియా మందు ఉందన్నమాట. పద్దెనిమిదేళ్ల లోపువాళ్లకు, డెబ్బై దాటినవాళ్లకు, గర్భిణులకు, నిరుపేదలకు ప్రీమియం లేదు. దేశంలో కనిపించే జబ్బుల్లో 95 శాతానికి ఇది వర్తిస్తుందని ప్రభుత్వం చెబుతుంది. జ్వరం, విరేచనాలు, బీపీ, కాన్పు, సిజేరియన్ అన్నీ అందులోవే. మరి మొదట్లో వద్దన్నవి? డయాలసిస్, చాలావరకు గుండె ఆపరేషన్లు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లు తప్ప మిగతా క్యాన్సర్లు. మన దగ్గర ఆరోగ్యశ్రీ మొదలైందే వాటితో. ముఖ్యమంత్రి సహాయనిధికి దరఖాస్తులు వరదలా వస్తున్నవి ఆ పెద్ద జబ్బులకే కాబట్టి పథకం ఆ రూపం తీసుకుంది. అక్కడ జ్వరానికి జేబు తడుముకునేవాళ్లు, ఇక్కడ కిడ్నీ పాడైతే.

ఏది మేలు అని అడిగితే నేను ఘనా వైపే మొగ్గుతాను. ఇల్లు గుల్ల చేసేది ఒక్క పెద్ద ఆపరేషనే కాదు, ఏళ్ల తరబడి కొనే మాత్రలు కూడా. పైగా ఆ మాత్రలు సరిగ్గా అందితే కొన్ని ఆపరేషన్ల అవసరమే రాదు. కానీ అక్రాలో కిడ్నీ జబ్బుతో ఉన్న మనిషి ముందు కూర్చుని ఈ మాట చెప్పమంటే చెప్పలేను. నా వృత్తిలో చాలామంది ఆ కుర్చీలో ఎప్పుడూ కూర్చోరు కాబట్టి హాయిగా చెప్పగలుగుతారు.

అసలు పని మాత్రం కాగితాల మీద జరగదు, ఇళ్లలో జరుగుతుంది. ఘనాకు ఉత్తరపు అంచున, బుర్కినా ఫాసో సరిహద్దు దగ్గర, నవ్‌రోంగో అనే ఊరుంది. ఆ చుట్టుపక్కల మట్టిగోడల ఇళ్లు, ఒక్కో ప్రహరీలో మూడు నాలుగు కుటుంబాలు. సహారా నుంచి హర్మట్టన్ గాలి వీచే నెలల్లో ప్రశ్నపత్రం మీద కూడా సన్నటి ధూళి పేరుకుంటుంది. వచ్చినవాళ్లకు చిరుధాన్యాల పిండి కలిపిన నీళ్లిచ్చి, అవి తాగాకే మాట్లాడతారు.

ఒక ఇంట్లో యాభై ఏళ్లావిడను మా సర్వే కుర్రాళ్లు కసెమ్ భాషలో అడుగుతున్నారు. గత రెండు వారాల్లో ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా? లేదు. వైద్యానికి ఏమైనా ఖర్చయిందా? లేదు. లేచేటప్పుడు ఆమె గోడ పట్టుకుని, రెండు మోకాళ్లూ సవరించుకుని లేచింది. అదేమిటని నేను సైగ చేస్తే నవ్వి, వయసు అంది. బీమా కార్డుంది కానీ ఏటా రెన్యూ చేయాలి, చేయించలేదు. మా ఫారంలో ఆ ఇంటి ఖర్చు సున్నా. అదే ఊళ్లో ఇంకో ఇంట్లో డెబ్బై దాటిన పెద్దాయన. కార్డు చెల్లుబాటులో ఉంది, క్లినిక్కు దగ్గర, బీపీ మాత్రలు ఉచితంగా తెచ్చుకుంటున్నాడు. ఆయన ఖర్చూ సున్నానే.

కంప్యూటర్‌లోకి ఎక్కాక ఆ రెండు సున్నాలకూ తేడా ఉండదు. ఇంటి ఖర్చులో పది శాతానికి మించి వైద్యానికి పోతే ఆ కుటుంబం విపత్తులో పడ్డట్టన్నది ఐక్యరాజ్యసమితి లక్ష్యాల్లో చాలాకాలం వాడిన కొలత. ఆ కొలతకు ఇద్దరూ క్షేమమే. అప్పు చేసి ఆస్పత్రికి వెళ్లినవాడు కనిపిస్తాడు, అప్పు కూడా పుట్టక ఇంట్లో పడుకున్నవాడు కనిపించడు. దేశం ఇంకాస్త పేదదైతే ఈ సూచిక ఇంకాస్త బాగుపడే ప్రమాదం కూడా ఉంది. అమర్త్య సేన్ 2002లో ఇలాంటిదే చూపించారు. జబ్బుగా ఉందని చెప్పేవాళ్లు ఆయుష్షు ఎక్కువున్న కేరళలో ఎక్కువ, ఆయుష్షు తక్కువున్న బిహార్‌లో తక్కువ. డాక్టర్ను చూడని చోట జబ్బు జబ్బని తెలియదు.

ఉచితం అన్న బోర్డు పెట్టినంత మాత్రాన ఆ మొదటి రకం సున్నా పోదు. నవ్‌రోంగోలోనే 1994లో మొదలైన ప్రయోగం ఈ సంగతి తేల్చింది. కొన్ని చోట్ల ఊరి వాలంటీర్లకే మందులిచ్చి వదిలారు, కొన్ని చోట్ల శిక్షణ పొందిన నర్సును ఊళ్లోనే కాపురం పెట్టించి ఇల్లిల్లూ తిప్పారు. నర్సు ఉన్న చోట పసిపిల్లల మరణాలు గణనీయంగా తగ్గాయి, వాలంటీర్లే ఉన్న చోట తగ్గలేదు. 1999లో ఆ నమూనాను దేశమంతటికీ విధానంగా ప్రకటించారు. నేను చదివిన వందల నివేదికల్లో ఇంత తేటగా తేలినవి తక్కువ.

తేలినా అమలవుతుందని లేదు. ప్రతి సేవకూ విడిగా బిల్లు కట్టే బదులు మనిషికింతని ముందే ఆస్పత్రికి ఇచ్చేద్దామని 2012లో అశాంతి ప్రాంతంలో మొదలుపెట్టారు. కాగితం మీద లెక్క బాగానే ఉంది. కానీ అది ప్రతిపక్షానికి పట్టున్న ప్రాంతం. మా మీదే ఎందుకు పరీక్ష పెట్టారని జనం, మా ఆదాయం పోతుందని డాక్టర్లు గొడవ చేశారు. 2017లో ప్రభుత్వం మారాక ఆపేశారు. అదే ఏడాది ప్రత్యేక నిధులకు పరిమితి పెట్టే చట్టం వచ్చి, ఆ సుంకం డబ్బు కూడా మొత్తం బీమాకు చేరకుండా పోయింది. 2025 బడ్జెట్‌లో ఆ పరిమితి ఎత్తేశారు. నిధి ఆలస్యమైతే ఆస్పత్రి బకాయిలు పేరుకుంటాయి, అప్పుడు కార్డు చూసి కౌంటర్లో మనిషి "మందు లేదు, బయట కొనుక్కోండి" అంటాడు. ఆరోగ్యశ్రీ బకాయిల వార్తలు చదివేవాళ్లకు ఈ కథ కొత్తగా చెప్పనక్కర్లేదు.

ఉద్యోగం సంగతి కూడా చెప్పాలి, అడుగుతూ మెయిళ్లు రాసే పిల్లలు ఉన్నారు కాబట్టి. ఇది రెండేళ్లకో మూడేళ్లకో ప్రాజెక్టు ముగిసి, మళ్లీ గ్రాంటు వెతుక్కునే బతుకు. డబ్బు లండన్, జెనీవా, వాషింగ్టన్ నుంచి వస్తుంది, ప్రశ్నలు కూడా చాలాసార్లు దాంతోపాటే వస్తాయి. ఎండలో తిరిగి సమాచారం తెచ్చిన స్థానిక పరిశోధకుల పేర్లు వ్యాసంలో చివర ఎక్కడో ఉంటాయి. విదేశీయురాలినైన నాకు వాళ్లకంటే ఎక్కువ జీతం వచ్చిన ప్రాజెక్టులూ ఉన్నాయి, ఆ తేడాను సమర్థించే వాదన నాకింతవరకు దొరకలేదు. 2025 మొదట్లో అమెరికా విదేశీ సాయం ఆపేసినప్పుడు 1984 నుంచి నడుస్తున్న జనాభా, ఆరోగ్య సర్వేల కార్యక్రమం కూడా ఆగిపోయింది. మన దేశంలో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఆ కుటుంబానికి చెందినదే. ఆఫ్రికాలో చాలా దేశాలకు పసిపిల్లల మరణాలు ఎన్నో తెలిసేదే ఆ సర్వేల వల్ల. కొలిచేవాళ్లే లేకపోతే సున్నాలు ఇంకా పెరుగుతాయి.

ఇప్పుడు నేనూ, నా ఘనా సహోద్యోగీ చిన్న నిధితో చిన్న సర్వే తయారుచేస్తున్నాం. గంటకు మించి ఎవర్నీ కూర్చోబెట్టకూడదు కాబట్టి ప్రశ్నలు కోసేస్తున్నాం. ఆస్పత్రి సిబ్బంది ప్రవర్తన మీద ఉన్న పెద్ద భాగం పోయింది. "అవసరమై కూడా వెళ్లలేదా, ఎందుకు?" అన్న ప్రశ్న ముందుకు జరిగింది. దాని కింద "డబ్బు లేదు" అని నేను ఒక్క గడి పెడితే ఆయన ఒప్పుకోలేదు. బండి చార్జీకి లేకపోవడం వేరు, కార్డు రెన్యూవల్‌కు లేకపోవడం వేరు, డబ్బుండీ ఇంటి పెద్ద ఊళ్లో లేక వెళ్లనీయకపోవడం వేరు అన్నాడు. మేం సర్వే చేయబోయే ప్రాంతంలో ఆడవాళ్లు బిడ్డను ఆస్పత్రికి తీసుకెళ్లాలన్నా ఆ పెద్దను అడగాలి. ఇప్పుడు మూడు గడులున్నాయి, నాలుగోదాని మీద వాదన నడుస్తోంది.