ఎవరికీ కాదు, మనకే!

ఫాల్గుణం వచ్చిందంటే పెరటికి పండగే. మామిడి పూత రాలి పిందెలు తొంగిచూస్తుంటాయి. మల్లెపొదలు మొగ్గ తొడుగుతాయి. సాయంత్రమయ్యేసరికి ఇల్లంతా ఒకటే ఘుమఘుమ. కానీ ఆ పూల మధ్య తీరిగ్గా కూర్చునేవాళ్లేరీ? అందులోనూ, రోజూ ఆ మొక్కలకు నీళ్లు పోసే మనిషి!

రాజమహేంద్రవరంలో ఒక ఇల్లాలి సంగతీ అంతే. కడియం నర్సరీ నుంచి తెచ్చిన గుండుమల్లెలు, ముద్దమందారాలు, ఓ మామిడిచెట్టు... ముప్పై ఏళ్లుగా పెంచుతున్నారావిడ. మందారాలు దేవుడికి, మల్లెలు పిల్లల జడలకి, కరివేపాకు వీధిలో అడిగినవాళ్లకి. వంటిల్లూ అంతే. అరిసెలు సంక్రాంతికి, బొబ్బట్లు ఉగాదికి. ముందు నైవేద్యం, తర్వాత చుట్టాలు, పిల్లలు, ఆయన. చివరికి ఆవిడకి మిగిలేది గిన్నె అడుగున అంటుకున్నది. అలా తినమని ఎవరూ అనలేదు. అలవాటైపోయిందంతే.

ఒకసారి సెలవులకొచ్చిన మనవరాలు కుక్కర్‌లో కేక్ చేద్దామంది. కప్పు పెరుగులో ముప్పావు కప్పు పంచదార కరిగించి, అర చెంచా వంటసోడా, చెంచా బేకింగ్ పౌడర్ కలిపితే బుసబుసా పొంగింది. పెరుగులోని పులుపు సోడాతో కలిసి గాలిబుడగలు పుట్టిస్తుందన్నమాట. అందుకే ఆలస్యం చేయకూడదు. అరకప్పు నూనె, కప్పున్నర మైదా, కాస్త ఏలకుల పొడి వేసి, నూనె రాసిన గిన్నెలో పోశారు. కుక్కర్ అడుగున ఉప్పు పరిచి, గాస్కెట్, విజిల్ తీసేసి, పది నిమిషాలు వేడి చేశాక గిన్నె లోపల పెట్టారు. సన్నటి సెగ మీద ముప్పావు గంట. మధ్యలో మూత తీస్తే కేక్ కుంగిపోతుందని మనవరాలు కాపలా!

పుల్ల గుచ్చి చూస్తే పిండి అంటలేదు. ఆవిడ అలవాటుగా అడిగారు... ‘ముందు ఎవరికి పెట్టాలే?’

‘ఎవరికీ కాదమ్మమ్మా, మనకే!’

ఆ మాటకి ఆవిడ ఆగిపోయారు. పండగ లేదు, నోము లేదు, నైవేద్యం లేదు. అరవై ఏళ్లొచ్చాక, ఏ బాధ్యతా అంటని తీపి మొదటిసారి చేతిలో ఉంది. మామిడిచెట్టు కింద కుర్చీ వేసుకుని, మల్లెల పక్కన కూర్చుని తొలి ముక్క ఆవిడే తిన్నారు. లోపల్నుంచి ఆయన కాఫీ అన్నారు. ‘ఫ్లాస్కులో ఉంది, పోసుకోండి’ అన్నారు, లేవకుండానే. ఆయన పోసుకున్నారు. ఆవిడకీ ఓ కప్పు తెచ్చారు!

మల్లె పెంచేవాళ్లకి తెలుసు. చలికాలం మొదట్లో కొన్నాళ్లు నీళ్లు ఆపి, కొమ్మలు కత్తిరించి మొక్కకు విశ్రాంతినిస్తారు. ఆ తర్వాత ఎరువేసి నీళ్లు పెడితే వసంతానికి విరగబూస్తుంది. మొక్కకు ఇవ్వాలని తెలిసిన ఆ విరామం ఇంట్లో మనిషికి ఇవ్వాలని మాత్రం మనకి తోచదు.

పెరడు లేకపోతే బాల్కనీలో రెండు కుండీలైనా ఉంటాయిగా! ఈ ఆదివారం వాటి పక్కన ఓ కుర్చీ వేయండి. అందులో ముందు ఎవరిని కూర్చోబెట్టాలో మీకు తెలుసు.