నాయనమ్మ కాల్షీట్లు

సినిమా కథ రాయడం కష్టమని అందరూ ఒప్పుకుంటారు. రాసిన కథను ముక్కలు చెయ్యడం కూడా ఒక ఉద్యోగమేనంటే మాత్రం మా బంధువులు ఇప్పటికీ నవ్వుతారు. చెప్పొద్దూ, నేను కొన్నేళ్ళు ఆ ఉద్యోగం చేసే అన్నం తిన్నాను.

1987లో మద్రాసులో ఒక చిన్న సినిమాకు నేను సహాయ దర్శకుణ్ణి. ఒకనాడు డైరెక్టరుగారు లావుపాటి స్క్రిప్టు నా చేతిలో పెట్టి, "ఇదుగోనోయ్, దీన్ని విడగొట్టి పట్రా. వారం గడువు" అన్నారు.

విడగొట్టడం ఏమిటంటారా? సినిమాను కథ నడిచే వరసలో తియ్యరు. హాలు సెట్టులో జరిగేవన్నీ ఒక వూపులో తీస్తారు, రైలు స్టేషనులో జరిగేవన్నీ మరో వూపులో. పెళ్ళి ముందూ, పెళ్ళిచూపులు ఆఖరునా తీసినా తియ్యవచ్చు. అందుకని సీనుకొక కాగితం వెయ్యాలి. ఇంట్లోనా బయటా, పగలా రాత్రా, ఎవరెవరు కావాలి, ఏ బట్టలు, ఏ సామాను, జనం ఎంతమంది - అన్నీ అందులో ఎక్కాలి. "వాన కురుస్తోంది" అని రెండు ముక్కలు రాసి రచయిత చేతులు దులుపుకుంటాడు. ఆ రెండు ముక్కలకూ నీళ్ళ లారీ, గొట్టాలు, తడిసిన చీరకు సరిజోడుగా మరో రెండు చీరలు, తుడుచుకోవడానికి తువ్వాళ్ళు నేను వెతుక్కోవాలి.

పైగా ప్రతి సీనూ ఎంతసేపు నడుస్తుందో ముందే చూసుకోవాలి. ముప్పైఅయిదు ఎం.ఎం. ఫిల్ము నిమిషానికి 90 అడుగులు తింటుంది మరి! 1957లో వచ్చిన 'మాయాబజార్'కు కె.వి. రెడ్డిగారు స్టాప్‌వాచీ పట్టుకుని సీన్ల నిడివి ముందే లెక్క కట్టుకున్నారని మా గురువుగారు కథలు కథలుగా చెప్పేవారు. నా దగ్గర స్టాప్‌వాచీ లేదు. గదిలో తలుపు వేసుకుని, చేతిగడియారం ముందు పెట్టుకుని, హీరో మాటలూ హీరోయిన్ మాటలూ నేనే చదివేవాణ్ణి. పక్కగది వాళ్ళు ఏమనుకున్నారో భగవంతుడికెరుక.

అవి పూర్తయ్యాక సీనుకొక అట్టముక్క కత్తిరించి, మనుషుల పేర్లు ఎర్ర పెన్సిలుతో రాశాను. ఆ ముక్కల్ని నేలమీద పరిచి, చదరంగం బంట్లలాగా అటూ ఇటూ జరపసాగాను. కథలో నాయనమ్మ వేషం ఒకటి వుంది. ఏడు సీన్లు. ప్రొడ్యూసరుగారు మొదట ఆరు రోజులకు అంచనా వేశారు. నేను ముక్కలన్నీ ఒకచోటికి చేర్చి రెండు రోజుల్లో సర్దేశాను. ఆయన పొంగిపోయి, "కుర్రాడు బుర్రగలవాడే" అని కాఫీ తెప్పించారు.

మర్నాడు ఆ వేషం వెయ్యవలసిన ఆవిడ తేదీలు కనుక్కోవడానికి ఆఫీసుకు వచ్చారు. నాటకాల్లో పండిన మనిషి. రోజుకింత అని మాట్లాడుకున్నారు.

"ఆరు రోజులన్నారు కదా బాబూ! రెండేనా?"

"అవునమ్మా, సీన్లన్నీ ఒకచోట కుదిరాయి" అన్నాను గర్వంగా.

"మంచిదే నాయనా. ఇంటివాడికి ఆరు రోజుల లెక్కన మాటిచ్చాను, అంతే" అని నవ్వి, గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు.

తాగిన కాఫీ చేదయింది. ఆ రాత్రి మళ్ళీ ముక్కలు పరిచాను. జాలిపడి లేని రోజులు కల్పిస్తే ప్రొడ్యూసరు జేబు కొట్టినట్టే. ఆ పని చెయ్యలేను. ఏం చెయ్యాలో తోచక స్క్రిప్టు మొదటినుంచీ చదివాను. అప్పుడు కనిపించింది నా తప్పు. నలభై ఆరో సీనులో నాయనమ్మ వుంది, యాభై రెండులో వుంది. నడుమ నలభై ఏడు మనవరాలి పెళ్ళి. అక్కడ ఆవిడ లేదు! రచయిత రాయలేదు గనక నేనూ ఎక్కించలేదు.

పొద్దున్నే వెళ్ళి, "గురువుగారూ, పెళ్ళిలో నాయనమ్మ ఏదండీ?" అన్నాను.

ఆయన పేజీలు తిరగేసి నాలిక కరుచుకున్నారు. ప్రొడ్యూసరుగారు మాత్రం గొణిగారు, "అక్షింతలు వెయ్యడానికి మిగతా జనం చాలరటయ్యా?" అని.

"ఇంట్లో బతికున్న పెద్దదిక్కు పెళ్ళిలో కనబడకపోతే బాల్కనీలో ఆడవాళ్ళు మనకే వేస్తారండీ అక్షింతలు" అన్నారు డైరెక్టరుగారు. పెళ్ళి సీను తియ్యడం రెండు రోజుల పని. రెండూ రెండూ నాలుగు.

నిజం చెప్పాలంటే, ఆవిడ వచ్చి ఆ ఒక్క మాట అనకపోతే నేను ఆ సీను మళ్ళీ చదివేవాణ్ణి కాదు. కాగితం మీద వున్నవాళ్ళను లెక్కపెట్టడం ఎవరైనా చేస్తారు. ఈనాడు కంప్యూటరు క్షణంలో చేస్తుంది, నాకంటే శుభ్రంగానూ చేస్తుంది. వుండవలసినవాళ్ళు ఎవరు లేరా అని చూడడం మాత్రం ఆవిడ చలవ వల్లనే నాకు అలవాటయింది.

పెళ్ళి షూటింగు రెండోనాడు పేకప్ అయ్యాక ఆవిడ గొడుగు తీసుకుని నా దగ్గరికి వచ్చారు.

"నాలుగయినాయి బాబూ. ఆ మిగతా రెండూ వచ్చే సినిమాలో ఇప్పించు" అన్నారు.

ఇద్దరం నవ్వుకున్నాం. ఆవిడ పేరు మాత్రం అప్పుడే జేబు పుస్తకంలో రాసుకున్నాను, ఎర్ర పెన్సిలుతో.