ఇనువిక్ మంచుదారుల్లో

కెనడా ఉత్తరాన, ఆర్కిటిక్ వలయానికి సుమారు 200 కిలోమీటర్ల ఆవల ఉన్న చిన్న పట్టణం ఇనువిక్. 2010లో విన్నిపెగ్ నుండి రోడ్డు, నదీ మార్గాల్లో దాదాపు 4000 కిలోమీటర్లు తరలివచ్చిన మస్జిద్ ఇక్కడే ఉంది. శీతకాలంలో దాదాపు నెల రోజులు సూర్యుడు ఉదయించడు. గడ్డకట్టిన మెకెంజీ నదీపాయల్లో, దారిలేని చోట్లకు స్నోమొబైలే దిక్కు.

అక్కడ టూ-స్ట్రోక్ ఇంజిన్ మిస్‌ఫైర్ అవుతూ తడబడితే ప్రాణాలకే ముప్పు. ముందుగా స్పార్క్ ప్లగ్ విప్పి చూడాలి. నల్లగా తడిసి ఉంటే పెట్రోలు ఎక్కువైందనో, నిప్పురవ్వ బలహీనపడిందనో అర్థం. కొత్త ప్లగ్ బిగించి చూస్తారు. తెల్లగా పాలిపోయి ఉంటే ఇంధనం చాలడం లేదన్నమాట. గొట్టంలో నీరు గడ్డకట్టి ఉండవచ్చు. చలికి చిక్కబడిన గాలికి కార్బురేటర్ ఇచ్చే పెట్రోలు సరిపోకపోవచ్చు. ఆ స్థితిలో వేగం పెంచితే పిస్టన్ వేడెక్కి సిలిండర్‌లోనే బిగుసుకుపోతుంది. కనుక తొలి తడబాటుకే ఆగడం క్షేమం. ప్రయాణపు సంచిలో ఆహారంతోపాటు ప్లగ్గులు, పానా తప్పక ఉండాలి.