క్లబ్బులో నా కుర్చీ

“ఇక మంగళ, గురువారాలు క్లబ్బుకి వెళ్తానత్తయ్యా” అనగానే మా అత్తగారు కళ్ళజోడు తీసి నన్ను ఎగాదిగా చూశారు. మీరూ అలాగే చూస్తారేమో! క్లబ్బంటే పేకాట, కిట్టీ పార్టీలే కదా మన ఊహ. ఇది ఆ క్లబ్బు కాదండీ. ఎవరి పని వాళ్ళు తెచ్చుకుని, అందరూ ఒకచోట కూర్చుని చేసుకునే క్లబ్బు. కోవర్కింగ్ అంటారు. నెలకింత అని కడితే బల్ల, కుర్చీ, ఇంటర్నెట్, కాఫీ ఇస్తారు. సాయంత్రాలు కబుర్లు, ఆటలు కూడా ఉంటాయి.

2005లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో బ్రాడ్ న్యూబర్గ్ అనే కంప్యూటర్ ఇంజనీరు ఈ పద్ధతి మొదలుపెట్టాడట. మనకిది మరీ కొత్తేమీ కాదులెండి. 1959లో ముంబయి గిర్గావ్‌లో ఏడుగురు గృహిణులు 80 రూపాయల అప్పుతో మేడ మీద చేరి అప్పడాలు ఒత్తబట్టే కదా లిజ్జత్ పుట్టింది!

నాకెందుకీ క్లబ్బు అంటారా? రెండేళ్ళుగా కందిపొడి, కరివేపాకు పొడి చేసి, ఫోన్లో ఆర్డర్లు తీసుకుని పంపుతున్నాను. పొడులు కొట్టడం కష్టం కాదు, లెక్కలే కష్టం. పుస్తకం తెరవగానే “అమ్మా, నా చార్జరేదీ?” అని ఒకరు, “కాఫీ!” అని ఇంకొకరు. అంతలో గుమ్మంలో గ్యాస్ బండ. దసరాకి ఒకరి పార్శిల్ మరొకరికి పంపి పన్నెండు వందలు పోగొట్టుకున్నాను. ఆ రాత్రి ఆలోచిస్తే తెలిసింది. మా ఇంట్లో అందరికీ ఓ చోటుంది, నాకే వంటింటి గట్టు తప్ప ఏమీ లేదు.

తార్నాకలో మెట్రో ఎక్కితే దిగేది హైటెక్ సిటీలోనే. మధ్యలో బండి మారక్కర్లేదు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. అప్పట్లో పేపర్లో ఫొటో చూసి ముచ్చటపడ్డ ఆ గుండ్రటి భవనం దగ్గరికి ఇన్నాళ్ళకి నా పనిమీద నేను వెళ్ళాను!

మొదటిరోజు లోపలికెళ్తే అంతా మా అమ్మాయి ఈడు పిల్లలు, చెవులకి హెడ్‌ఫోన్లు. కాఫీ మిషను పక్కన మూలగా కూర్చున్నాను. సింకులో కప్పులు కనబడితే చేతులు ఊరుకోవు కదా, కడిగేశాను. రెండోరోజు ఓ కుర్రాడు “ఆంటీ, ఒక టీ” అన్నాడు. నవ్వకండి, పెట్టిచ్చాను! తిరుగు రైల్లో మాత్రం కళ్ళనీళ్ళు ఆగలేదు. డబ్బు కట్టి మరీ మళ్ళీ వంటింట్లోకే చేరానా అనిపించింది.

మూడోరోజు కప్పు పట్టుకోబోతే, అక్కడ శుభ్రం చేసే ఆవిడే ఆపింది. “మీరు కడుగుతే నన్నంటరమ్మా. మీరు కూసోండ్రి” అంది. నిజమే కదా! నేను చేస్తున్నది సాయం కాదు, ఆవిడ పనికి ఎసరు. వెళ్ళి కిటికీ పక్కన కూర్చున్నాను. ఆ కుర్రాడు మళ్ళీ వచ్చాడు. “మిషను అక్కడుంది బాబూ, నేనూ మెంబర్నే” అన్నాను. పాపం, సిగ్గుపడిపోయి, రెండు టీలు చేసి ఒకటి నాకు తెచ్చాడు. తర్వాత కంప్యూటర్లో గళ్ళు గీసి లెక్కలు వేయడం నేర్పింది అతనే.

మీరూ చేరదలిస్తే కొన్ని మాటలు. ముందు ఒక్కరోజుకి డబ్బు కట్టి చూడండి. పనివేళలు, సామాను పెట్టుకునే లాకరు, ఫోను మాట్లాడుకునే గది ఉన్నాయా అని అడగండి. ఏసీ చలికి శాలువా ఉంచుకోండి. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నవాళ్ళని పలకరించకండి, భోజనాల బల్ల దగ్గర ఎంతైనా మాట్లాడొచ్చు. వాసన ఘాటుగా వచ్చే కూరలు వద్దు. నేను పట్టుకెళ్ళిన కందిపొడికి మాత్రం అక్కడే ఆరుగురు ఖాతాదారులు దొరికారనుకోండి!

ఇంగ్లీషు రాదని భయపడ్డాను గానీ, నాకు రానిది ఇంగ్లీషు కాదు, కూర్చోవడం. ఎవరో పిలుస్తారని సగం లేచి ఉండే అలవాటు పోవడానికి నెల పట్టింది. సంక్రాంతికి ఒక్క పార్శిలూ తారుమారు కాలేదు. ఇప్పుడు ఇంట్లోనూ కిటికీ దగ్గర నాకో బల్ల ఉంది. మంగళవారం వస్తే మా అత్తగారే “క్లబ్బుకి వేళవుతోంది, బయల్దేరు” అంటున్నారు.