వదులైన అద్దం



మా అంబాసిడర్ కారు మీకు కొత్త కాదు. 1986 నాటి మార్క్ 4, డీజిల్ బండి. మీలో అది ఎక్కనివారు తక్కువ, తోయనివారు ఇంకా తక్కువ. ఉత్తరపారా ఫ్యాక్టరీలో ఈ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. అయినా విజయవాడ ఆటోనగర్‌లో వెతికితే సామాను దొరుకుతుంది కాబట్టి నెట్టుకొస్తున్నాం.

దాని కుడివైపు అద్దం వదులై ఏడాది దాటింది. బయలుదేరేటప్పుడు బాగానే ఉండేది. ఇంజను అదురుకు ఊరి పొలిమేర దాటేసరికి తల వాల్చేసేది. ఇక అందులో వెనుక రోడ్డు కాదు, మా బండి వెనుక చక్రమూ, దాని కింద దుమ్మూ కనబడేవి. మొదట స్క్రూలు బిగించాం. తర్వాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టాం. ఆ తర్వాత ఎం-సీల్ పూశాం. "మేస్త్రీకి చూపించండి" అని అమ్మగారు చెబుతూనే ఉన్నారు. జనవరి 1న వెనుకవాటిని మరచిపోవడం గురించి ఫిలిప్పీ 3:13 మీద వాక్యం చెప్పాం కదా, బయటికి వచ్చాక సంఘపెద్ద ఒకరు ఆ అద్దం చూసి "మీ ప్రసంగం కారు కూడా విన్నట్టుంది అయ్యగారూ" అన్నారు. అందరం నవ్వుకున్నాం.

కిందటి నెల మొదట్లో ఒక గృహకూడిక ముగించుకొని సాయంత్రం తిరిగి వస్తున్నాం. కాలువ దాటాక కుడిచేతి సందులోకి తిరగాలి. అద్దం వాలిపోయే ఉంది. చెయ్యి బయటపెట్టి సరిచేద్దామనుకుని, ఇల్లు వచ్చేసింది కదా అని ఊరుకున్నాం. స్టీరింగ్ తిప్పాం. వెనుక నుంచి ఒక కేక, ఆ వెంటనే కంకరలో బండి జారిన చప్పుడు.

టీవీఎస్ మోపెడ్. నడుపుతున్నది ఇంటర్ చదివే పిల్లవాడు, వెనుక వాళ్ల నాయనమ్మ. పిల్లవాడి మోకాళ్లు గీసుకుపోయాయి. పెద్దమ్మ చెయ్యి ఆనించి పడింది, మణికట్టు విరిగింది. ఇద్దరినీ మా కారులోనే ఆసుపత్రికి తీసుకెళ్లాం. దారిలో తెలిసింది, వాళ్లు తమ దారిన పోతున్నవాళ్లు కారు. మా కోసమే వస్తున్నారు. ఆమె కోడలు మంచాన పడి నాలుగు నెలలైంది. ఒక్కసారి ఇంటికి వచ్చి ప్రార్థన చేయమని అడుగుదామని కాలువ అవతలి నుంచీ మా వెంట పడ్డారు.

"హారన్ కొడుతూనే ఉన్నానండి, మీ ఇంజను మోతకి వినపడలేదు" అన్నాడు పిల్లవాడు. పెద్దమ్మ చెయ్యి పట్టుకుని మెల్లగా అంది: "అద్దంలో చూస్తారులే అనుకున్నాం అయ్యగారూ."

ఆమె మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. నాలుగు నెలలుగా ఆ కుటుంబం ఆరాధనకు రావడం లేదన్న సంగతి కూడా మాకు ఆ కారులోనే తట్టింది. వాళ్లు చివర, గుమ్మం దగ్గర చాప మీద కూర్చునేవారు. ముందు వరుసలో ఎవరైనా ఒక్క ఆదివారం రాకపోతే సోమవారం పొద్దున్నే ఫోను చేస్తాం మేము.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నిర్గమకాండము 17వ అధ్యాయం మీద మేము ఎన్నిసార్లు ప్రసంగించామో లెక్కలేదు. రెఫీదీము, మోషే ఎత్తిన చేతులు, వాటిని ఆదుకున్న అహరోను, హూరు, కింద యుద్ధం చేస్తున్న యెహోషువ. అమాలేకీయులు మొదట ఎవరి మీద పడ్డారో ఆ అధ్యాయంలో లేదు. ఆ మాట దాదాపు 40 ఏళ్ల తర్వాత మోషే చెబుతాడు, ద్వితీయోపదేశకాండము 25:17, 18లో. అలసిపోయి జనం వెనుక ఈడ్చుకుంటూ వస్తున్నవాళ్ల మీద. సెమినరీలో ఈ రెండు భాగాలూ పక్కపక్కన పెట్టి చదివాం, పరీక్షలో రాశాం, మార్కులూ వచ్చాయి.

మర్నాడు కొత్త అద్దం వేయిద్దామని బండి తీసుకెళ్లాం. మేస్త్రీ దాన్ని పట్టి కదిపి చూసి "కొత్తది వేసినా ఇంతేనండి. అద్దానికేం కాలేదు, పట్టుకోడానికి రేకే లేదు" అన్నాడు. డోరు లోపలి ప్యాడ్ విప్పి చూపించాడు. స్క్రూల రంధ్రాలు తుప్పు తిని వేలు పట్టేంత అయ్యాయి. మేము పూసిన ఎం-సీల్ కింద నీళ్లు నిలిచి తుప్పు ఇంకా పెరిగిందట. అతను తుప్పు గీకి, రెడ్ ఆక్సైడ్ వేసి, లోపలి వైపు చిన్న ఇనుప పట్టీ పెట్టాడు. స్క్రూలకు బదులు బోల్టులూ స్ప్రింగ్ వాషర్లూ వేసి, బయట నీరు దిగకుండా రబ్బరు ప్యాకింగ్ పెట్టి బిగించాడు. పూట పని. ఏడాదంతా వాయిదా వేసింది దీన్నే.

చివర్లో మమ్మల్ని సీట్లో కూర్చోబెట్టి అద్దం తిప్పుతూ అన్నాడు: "మీ బండి పక్క సన్నగా గీతంత కనబడితే చాలండి, మిగతాదంతా రోడ్డే కనబడాలి. ఇన్నాళ్లూ మీ బండినే చూసుకుంటున్నారు."

సంఖ్యాకాండము 10:25లో దాను గోత్రం పాళెములన్నిటికీ వెనుక నడిచింది. మన సంఘపెద్దల్లో ఇద్దరిని ఇకనుంచి గుమ్మం దగ్గరి చాప మీద కూర్చోమని అడిగాం. ఒకరు వెంటనే ఒప్పుకున్నారు. ఇంకొకరు నడుము నొప్పి అంటున్నారు, చూడాలి.

పెద్దమ్మ చేతి కట్టు వచ్చే మంగళవారం విప్పుతారు, మేమే తీసుకెళ్తున్నాం. కోడలు ఇప్పుడు లేచి కూర్చుంటోంది గానీ నడవలేకపోతోంది. ఇద్దరినీ ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి. శనివారం సాయంత్రం ఆరు గంటలకు కూడిక వాళ్లింట్లోనే. కారులో ఇంకా ముగ్గురికి చోటుంది.