మికావా తీరాన పత్తి గింజలు

మా అమ్మాయి ఆరో తరగతి. బడిలో ‘ప్రాచీన జపాన్ – సంస్కృతి, సమాజం’ అని ప్రాజెక్టు ఇచ్చారు. ఇంటికొచ్చి అట్ట, వెండిరంగు కాగితం, నల్ల టేపు కావాలంది. ఎందుకమ్మా అంటే సమురాయ్ కత్తి చేయాలట. తరగతి మొత్తానికీ అదే పని. ఆ సాయంత్రం మా గల్లీ నిండా అట్టకత్తులే. ‘పాతకాలం జపాన్‌లో మనుషులు ఏం తినేవాళ్లు, ఏం కట్టుకునేవాళ్లు, ఏం పని చేసుకుని బతికేవాళ్లు?’ అని పిల్లల్ని అడిగాను. ఒక్కరూ చెప్పలేకపోయారు. నాకు ఒళ్లు మండింది. ఆ మంట ఇంకా చల్లారలేదు, అందుకే రాస్తున్నాను.

సమురాయ్‌లు రాజ్యాన్ని చేతిలోకి తీసుకున్నది పన్నెండో శతాబ్దం చివర. మినమోతో యొరితొమో షోగన్, అంటే సర్వసేనాధిపతి అయింది 1192లో. జపాన్ ప్రాచీన కాలం దాదాపుగా అక్కడితో ముగుస్తుంది. దానికి ముందు వెయ్యేళ్లకు పైగా నడిచిన కథ వేరు. వరి నాట్లు, పట్టుపురుగుల పెంపకం, నార వడకడం, 710లో నారా రాజధాని కావడం, 794లో రాజధాని హెయాన్‌కి, అంటే ఇప్పటి క్యోటోకి మారడం. ఆ వెయ్యేళ్లను మోసింది పొలం దున్నినవాళ్లు, బట్ట నేసినవాళ్లు. వాళ్లను పక్కకు నెట్టి, తర్వాత వచ్చినవాడి కత్తిని తెచ్చి ఇదే ప్రాచీన జపాన్ అని పిల్లల చేతుల్లో పెడితే ఎలా? అదీ సచిన్‌లో!

సచిన్ అంటే ఏమిటో సూరత్ బతుకు తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. జీఐడీసీ పారిశ్రామికవాడలో రాత్రీ పగలూ మగ్గాలు ఆడుతూనే ఉంటాయి. ఉధనా, లింబాయత్‌లలో మన పద్మశాలీలు తరాలుగా ఉన్నారు. కరీంనగర్, వరంగల్, నల్లగొండల నుంచి రైలెక్కి వచ్చినవాళ్లు. సూరత్ నగరపాలిక తెలుగు మాధ్యమం బడులు నడుపుతున్నది వాళ్ల పిల్లల కోసమే. మా గల్లీలో చాలామంది మగవాళ్లది వాటర్‌జెట్ మీద పని. దానికి నాడె ఉండదు. సన్నటి నీటిధార పేక దారాన్ని పడుగులోంచి అవతలికి ఈడ్చుకుపోతుంది. పాలిస్టర్‌కి సరిపోతుంది కానీ నీళ్లు పీల్చే నూలుకు పనికిరాదు. టొయోటా అంటే బయటివాళ్లకు కారు. మా నేతవాళ్లకు మాత్రం మగ్గం. ఆ పేరు పైకొచ్చిందే మగ్గంతో. వడ్రంగి కొడుకు సకిచి టొయోడా 1926లో కరియా పట్టణంలో మగ్గాల కంపెనీ పెట్టాడు. కార్లు ఆ తర్వాతే వచ్చాయి. తండ్రి పొద్దంతా మగ్గం దగ్గర నిలబడి ఇంటికొచ్చేసరికి, కొడుకు జపాన్ పేరు చెప్పి అట్టకత్తి చూపిస్తున్నాడు. నా బాధ ఇదీ.

పిల్లలకు చెప్పడానికి సరుకు లేకనా? క్రీ.శ. 239 ప్రాంతంలో జపాన్‌లోని యమతాయి రాణి హిమికో చైనాలోని వెయ్ రాజ్యానికి రాయబారుల్ని పంపింది. వాళ్లతో పంపిన కానుకల్లో నేసిన బట్ట ఉంది. అటునుంచి కంచు అద్దాలతో పాటు పట్టుబట్టలు వచ్చాయి. అక్కడి జనం వరి పండిస్తారని, నార వడుకుతారని, పట్టుపురుగుల్ని పెంచి నేస్తారని చైనా చరిత్రకారులు రాసిపెట్టారు. ఆడవాళ్లు బట్ట నడుమ రంధ్రం చేసి అందులోంచి తల దూర్చి తొడుక్కుంటారని కూడా రాశారు. ఈ ఒక్క ముక్క చెప్పగానే మా గల్లీ పిల్లలు పాత దుప్పటి కత్తిరిస్తామని లేచారు. వాళ్లను ఆపడం నా తరం కాలేదు.

712లో పూర్తయిన జపాన్ పురాణగ్రంథం ‘కొజికి’లో సూర్యదేవత అమతెరాసుకు దేవతల బట్టలు నేసే మగ్గాల ఇల్లు ఉంది. తమ్ముడు సుసనో ఆ ఇంటి కప్పు పగలగొట్టి చేసిన అఘాయిత్యానికే ఆమె గుహలోకి వెళ్లి దాక్కుంది, లోకం చీకటైంది. ఇసె దేవాలయంలో ఆ దేవత కోసం ఇప్పటికీ ఏటా మే, అక్టోబరు నెలల్లో పట్టు, నార బట్టలు నేసి సమర్పిస్తారు. తామరతూటి నారతో దేవతలకు బట్ట నేసిన భావనాఋషి కథ వింటూ పెరిగే పిల్లలకు ఈ దేవత పరాయిది అవుతుందా? పరీక్ష కోసం బట్టీ పట్టాల్సిన పనే ఉండదు.

అన్నిటికంటే నన్ను కదిలించేది నారా కాలపు పన్ను బట్ట. 701 నాటి తైహో శాసనం ప్రకారం జనం పొలం మీద ధాన్యం కట్టాలి, ఊరి ఉత్పత్తుల మీద, వెట్టికి బదులుగా బట్ట కట్టాలి. ఆ బట్ట అంచున సిరాతో రాష్ట్రం, జిల్లా, ఊరు, కట్టిన మనిషి పేరు, సంవత్సరం రాసి రాజధానికి పంపేవాళ్లు. అలాంటి బట్టలు నారాలోని షోసోయిన్ భాండాగారంలో ఈనాటికీ ఉన్నాయి. 756లో షోము చక్రవర్తి పోయాక కోమ్యో రాణి ఆయన వస్తువుల్ని తోదైజి ఆలయానికి సమర్పించినప్పటి నుంచి కాపాడుతూ వస్తున్న ఖజానా అది. 752లో తోదైజి మహాబుద్ధుడికి కళ్లు దిద్దింది మన దేశం నుంచి వెళ్లిన భిక్షువు బోధిసేనుడు. ఆయన పట్టిన కుంచెకు కట్టిన పొడుగాటి నీలిరంగు పట్టుతాడు కూడా అందులో ఉంది. ఆ తాడును పట్టుకుని జనం కూడా ఆ పుణ్యంలో పాలుపంచుకున్నారట. పన్నెండు వందల ఏళ్ల నాటి ఒక మామూలు పల్లెటూరి మనిషి పేరు బట్ట మీద చెరిగిపోకుండా నిలిచింది. జపాన్‌కు రెండు చేతులూ ఎత్తి దండం పెడతాను. సచిన్ నుంచి రోజూ లారీల కొద్దీ వెళ్లే తాకాల మీద మా వాళ్ల పేరు ఒక్కటైనా ఉందా?

ఇంత మెచ్చుకుంటే మనవాళ్ల నేత తక్కువదనుకుంటారేమో, ఒప్పుకోను. ఈ గుజరాత్‌లో అద్దకం వేసిన బట్టలు ఈజిప్టులోని ఫుస్తాత్ శిథిలాల్లో దొరికాయి. మన కోరమండల్ తీరపు కలంకారీలు డచ్చి ఓడల్లో జపాన్ చేరితే, టీ వేడుకల్లో వాడే విలువైన పాత్రలకు వాటితో సంచులు కుట్టుకుని అపురూపంగా చూసుకున్నారు. మన ఎండకు, వానకు, చెదలకు బట్ట ఇక్కడ నిలవలేదు కానీ, పనితనం తక్కువై కాదు.

అయినా ఖజానాకు ఖజానా చూపించమంటే చూపించలేను. నాకు తెలిసింది పుట్టపాకలో మా అవ్వ ట్రంకుపెట్టె. అందులో ఒక తేలియా రుమాలు ఉండేది. ఆముదం కాయల బూడిదలో, నూనెలో నానిన నూలు వాసన ఏళ్లు గడిచినా దాన్ని వదల్లేదు. పండక్కి పెట్టె తెరిస్తే ఇల్లంతా ఆ వాసనే. చిటికి కట్టడానికి ముందు అవ్వ ఆసు పోసేది. చెయ్యి ముందుకూ వెనక్కూ, ఒక చీరకు వేలసార్లు. రాత్రి భుజం నొప్పితో నిద్ర పట్టక కూర్చునేది. తర్వాత ఆలేరు దగ్గర శారాజీపేట చింతకింది మల్లేశం, వాళ్లమ్మ లక్ష్మి పడ్డ బాధ చూడలేక ఆసుయంత్రం కనిపెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. అప్పటికి మా అవ్వ లేదు.

ఇక నేను అసలు చెప్పాలనుకున్న మనిషి. 799లో జపాన్ మికావా తీరానికి ఒక చిన్న పడవ కొట్టుకొచ్చింది. అందులో ఇరవై ఏళ్ల యువకుడు ఒక్కడే. గోచీ కట్టుకుని, ఎడమ భుజం మీద నీలిబట్ట వేసుకున్నాడు. భాష ఎవరికీ తెలియదు. కొన్నాళ్లకు అక్కడి మాట నేర్చుకుని, నాది తెంజికు అన్నాడు. ఆ కాలం జపాన్‌వాళ్లు మన దేశాన్ని అలాగే పిలిచేవాళ్లు. అతని సామానులో పత్తి గింజలున్నాయి. జపాన్‌లో అప్పటికి నార, పట్టు తప్ప నూలు లేదు. మరుసటి ఏడాది, 800లో ప్రభుత్వం కీ, అవాజీ, షికోకు రాష్ట్రాల్లో, క్యూషూలో ఆ గింజలు నాటించింది. రాత్రంతా నానబెట్టి పొద్దున్నే నాటాలని, రోజూ నీళ్లు పోయాలని, కలుపు తీయాలని ఉత్తర్వులిచ్చింది. అయినా ఆ పంట నిలవలేదు. పత్తి అక్కడ మళ్లీ వేళ్లూనడానికి కొన్ని వందల ఏళ్లు పట్టింది. ఇదంతా జపాన్ రాజాస్థానపు చరిత్రలో నమోదై ఉంది. అతను ఒంటితీగ వాద్యం మీటుతూ దుఃఖంగా పాడుకునేవాడని కూడా రాశారు. నిషియో పట్టణంలో అతనికి గుడి ఉంది. ఆ నిషియో, టొయోడా మగ్గాల కంపెనీ పుట్టిన కరియా రెండూ పాత మికావాలోనివే.

అతను ఏ ప్రాంతంవాడో ఆ రాతల్లో లేదు, మనవాడని చెప్పుకోవడానికి నాకు హక్కు లేదు. కానీ పొట్ట చేతపట్టుకుని ఊరు దాటినవాళ్లకు అతని పాట అర్థమవుతుంది. సచిన్‌కి కూడా ఇది కొత్త కాదు. 1791లో ఏర్పడ్డ ఈ సంస్థానాన్ని ఏలింది ఆఫ్రికా మూలాలున్న సిద్దీ నవాబులు. సముద్రం దాటి వచ్చినవాళ్లు ఊళ్లను ఎలా మారుస్తారో చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు ఏముంది?

టీచరమ్మతో ఇదంతా మాట్లాడాను. ‘కత్తి అయితే పిల్లలకు ఉత్సాహంగా ఉంటుందండీ’ అన్నారు. నలభై మందిని కూర్చోబెట్టి పాఠం చెప్పే మనిషి కష్టం నాకు తెలుసు, కానీ ఆ మాట ఒప్పుకోలేను. మా అమ్మాయి ప్రాజెక్టు మార్చేసింది. కోరా బట్ట ముక్క అంచున సిరాతో నల్లగొండ, పుట్టపాక, మా అవ్వ పేరు, సంవత్సరం రాసింది. జపాన్ బట్ట మీద పన్ను కట్టిన మగవాడి పేరే ఉంటుంది, ఇంట్లో మగ్గం మీద కూర్చున్నది ఎక్కువగా ఆడవాళ్లేనని నేను చెప్పాక, ‘అయితే నేసినవాళ్ల పేరే రాస్తా’ అంది. తరగతిలో దాని గురించి చెప్పమంటే గంట కొట్టేదాకా చెప్పి వచ్చింది. మర్నాడు ఇద్దరు పిల్లలు మా ఇంటికొచ్చి తమకూ బట్టముక్క కావాలన్నారు.

సచిన్‌లో, ఉధనాలో, లింబాయత్‌లో ఉన్న మన తల్లిదండ్రులకు ఒక్కటే మనవి. ఇలాంటి ప్రాజెక్టు మీ ఇంటికీ వస్తుంది. అప్పుడు అట్టా, వెండి కాగితం కొనకండి. ఇంట్లో ఉన్న బట్టముక్క ఇవ్వండి, దాన్ని నేసిన మనిషి పేరు మీ పిల్లల చేత రాయించండి. జపాన్ కథ అక్కణ్ణుంచి మొదలుపెట్టమని టీచరుకు మీరే చెప్పండి.